నలభై నిమిషాల హాల్టు

రాయపూర్ వ్యాగన్ రిపేర్ షాపు కాలనీలో తెలుగువాళ్ళు చుట్టాన్ని ఊరి పేరుతో చెప్పరు, నిమిషాలతో చెబుతారు. "మా చినమామ ఐదు నిమిషాల మనిషి" అన్నారంటే ఆ మామ ఎక్కే బండి రాయపూర్ స్టేషన్లో ఐదు నిమిషాలు ఆగుతుందని. విశాఖ నుంచో విజయనగరం నుంచో ఎవరు ఏ పనిమీద ఢిల్లీ వైపు పోతున్నా సరే, కబురందితే చాలు, కాలనీ నుంచి కేరేజీ బయల్దేరుతుంది. దిగి ఇంటికొచ్చి రెండ్రోజులుండి పొండి అనే మర్యాదలకి ఎవరికీ సెలవు దొరకదు. బండి ఆగుతుంది, కిటికీలోంచి చెయ్యి బయటికొస్తుంది, నిండు కేరేజీ లోపలికి పోతుంది, పోయినసారి పట్టుకెళ్ళిన కేరేజీ బయటికొస్తుంది. ఉత్త గిన్నె తిరిగి ఇవ్వకూడదు గనక అందులో చింతపండో ఎండు నెత్తళ్ళో ఉంటాయి. సంబంధాలు, చావు కబుర్లు, గట్టు తగాదాలు అన్నీ ఆ కాసేపట్లోనే తేలాలి. బండి కదిలాక పక్కన పరిగెడుతూ చెప్పేదే అసలు సంగతి.

దాలమ్మకి తమ్ముడు సూరిబాబు పది నిమిషాల మనిషి. విశాఖ పోర్టులో కలాసీ. యూనియన్లో అతని పని అరవడం. వెయ్యిమంది ముందు మైకు లేకుండా నినాదం అందుకునేవాడు. ఏడాదికి రెండుసార్లు, ఒక్కో ఏడాది మూడుసార్లు, జెండాలు చుట్టి చంకన పెట్టుకుని జనంతో ఢిల్లీ ధర్నాకి పోయేవాడు. బండి పూర్తిగా ప్లాట్‌ఫారం మీదికి రాకముందే జనరల్ బోగీ తలుపులో వేలాడుతూ "అప్పా" అని ఒక్క కేక పెట్టేవాడు. వాళ్ళ వైపు అక్కని అప్ప అంటారు. ఆ కేకకి సమోసాలవాడు కూడా తిరిగి చూసేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళు అలాగే గడిచింది. దాలమ్మ మొగుడు చిన్నారావు ఒకరోజు ఊసుపోక లెక్కకట్టాడు. ఆ ఇరవై ఎనిమిదేళ్ళలో అక్కా తమ్ముడూ ఎదురెదురుగా గడిపింది మొత్తం పది గంటల పైచిలుకు. షాపులో ఒక షిఫ్టూ, పైన కాస్త ఓవర్‌టైమూ.

తర్వాత విమానం వచ్చింది. విశాఖ నుంచి రాయపూర్‌కి గంటా పదిహేను నిమిషాలు. పట్టాల మీద ఐదువందల ముప్పై కిలోమీటర్లు, గాల్లో నాలుగువందల పైమాట. రైలు పన్నెండు గంటలు తినే దూరాన్ని విమానం ఒక గుక్కలో మింగేసింది. విశాఖలో మేనకోడళ్ళూ మేనల్లుళ్ళూ సంబరపడ్డారు. అత్త ఇప్పుడు గంట దూరంలోనే ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు పోవచ్చు అన్నారు. ఎప్పుడైనా పోవచ్చు అనుకున్న చోటికి ఎవడు పోయాడు కనక. పన్నెండు గంటల దూరంలో ఉన్నప్పుడు వచ్చినవాళ్ళు వారం ఉండేవారు. గంట దూరమయ్యాక మొహం చూపించినవాడు లేడు. సూరిబాబు రిటైరయ్యాడు. ధర్నాలకి కుర్రాళ్ళు పోతున్నారు. దాలమ్మ తమ్ముణ్ణి చూసి నాలుగేళ్ళు దాటింది.

ఆ ఫిబ్రవరిలో లహరి ఫోన్ చేసింది. లహరి సూరిబాబు కూతురు, ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో నర్సు.

"అత్తా, నాన్న గొంతులో గడ్డ కేన్సరే అన్నారు. గురువారం పొద్దున్న ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు."

"తీసేస్తే?"

"మనిషికి ఏం కాదు. మాట ఉండదు."

లహరే మళ్ళీ అందుకుంది. "రైల్లో ముప్పై గంటలు పైన కూర్చోలేడని విమానానికి చేశాను అత్తా. మంగళవారం. మీ రాయపూర్ మీదుగానే వస్తుంది. మధ్యాహ్నం రెండుంబావుకి దిగి నలభై నిమిషాలు ఆగుతుంది. తర్వాత రెండు గంటల్లో ఢిల్లీ."

లహరి తనకి తెలిసిన సంగతి తెలిసినట్టు చెప్పింది. ఆ పిల్ల తప్పేం లేదు. దాలమ్మ చెవిలో మాత్రం నలభై నిమిషాలు అన్నదొక్కటే మిగిలింది. రైలు ఎన్నడూ పదికి మించి ఇవ్వలేదు.

"ఏటయ్యా, అంతసేపెందుకాగుద్ది ఇమానం?" అంది చిన్నారావుతో.

ముప్పై నాలుగేళ్ళు వ్యాగన్ల కింద వెల్లకిలా పడుకుని పనిచేసిన మనిషి అతను. చక్రాలున్న వస్తువు గురించి తెలియదనడం అతనికి చేతకాదు. "నీళ్ళు పడతారు. బ్రేకులు సూస్తారు. ఇంజను ఇటునించి అటు మార్సాలి కదా."

"రెండు రెక్కలకీ రెండు ఇంజన్లుంటాయి కదా. మార్సడమేటి?"

"నువ్వెప్పుడు సూసినావే?"

"టీవీలో సూసినాను. నువ్వెప్పుడు సూసినావు?"

చిన్నారావు బీడీ వెతుక్కున్నాడు.

సోమవారం సూరిబాబే ఫోన్ చేశాడు. గొంతు ఉప్పుకాగితం రాసినట్టుంది. ఒక్కో మాటకీ ఆగి, ఊపిరి పోగుచేసుకుని అంటున్నాడు. "అప్పా. తలుపు కాడే నిలబడతాను. నువ్వు ముందే వొచ్చీ. బావని కంగారు పెట్టమాక."

"నీ సీటు నంబరేటి?"

"పద్నాలుగు."

"ఏ ప్లాట్‌ఫారమో బావ కనుక్కుంటాడు. నువ్వు దిగి నిలబడు సాలు."

నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. పుట్టినకాడినించీ రైలు తప్ప ఎరగని మనుషులకి బండి ఆగడమంటే మనిషి దిగడమే. తలుపు తెరిచి, మెట్లు వేసి, అయినా మనిషిని కాలు కింద పెట్టనివ్వని బండి ఒకటి లోకంలో ఉంటుందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు.

దాలమ్మకి కావలసింది పెద్దదేం కాదు. తమ్ముడు ఎదురుగా నిలబడాలి. ఆ గొంతు పోయేలోపు ఒక్కసారి, తన మొహంలోకి చూసి "అప్పా" అనాలి. ఫోన్లో రోజూ అంటున్నాడు, నిజమే. ఫోన్లో మాటకి నోరుండదు, కళ్ళుండవు, నవ్వితే ఒక పక్కకి పోయే ఆ మూతి ఉండదు. అదొక్కటీ అయిపోతే, తర్వాత ఆ డాక్టర్లు ఏం కోసుకుంటారో కోసుకోనీ అనుకుంది.

ఇక తిండి. ఎప్పుడూ అయితే చేపల పులుసు, వరన్నం. ఇప్పుడు మెతుకు దిగడం లేదన్నాడు. దాలమ్మ గుఢియారీ బజారుకి నడిచిపోయి చోళ్ళు, అంటే రాగులు, తెచ్చింది. ఇక్కడివాళ్ళు మడియా అంటారు. విసిరి, నానబెట్టి, నూకలు ఉడికించి, అంబలి కాచింది. జల్లెడ పట్టి మరీ పలచన చేసింది. మజ్జిగ కలిపింది. నాలుగు గిన్నెల కేరేజీలో నాలుగు గిన్నెలూ అంబలే.

మంగళవారం పన్నెండు కాకుండానే పక్కింటి ఉమేష్ ఆటో ఎక్కారు. ఉమేష్ ఛత్తీస్‌గఢ్ పిల్లాడే. తెలుగిళ్ళ మధ్య పెరిగాడు కాబట్టి తెలుగు వస్తుంది, దాని పద్ధతిలో అది.

"మాఁ, అక్కడ అందరికీ లోపల్ ఇవ్వరు. టికెట్ మాంగ్తారు" అన్నాడు తేలిబాంధా చెరువు దాటాక.

"ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొంటాం లేరా."

"మాలూమ్ లేదు మాఁ. నేను సవారీకి దించుతాను, బయట్ సే బయట్ వచ్చేస్తాను. లోపల్ కా నాకేం తెలుసు."

"తెలీనోడివి నోరు మూసుకుని తోలు" అన్నాడు చిన్నారావు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, రైల్వేవాళ్ళు రిటైరైన రోజు ఇచ్చిన చేతిగడియారం పెట్టుకున్నాడు. గడియారం ఆగిపోయి రెండేళ్ళయింది.

మానా విమానాశ్రయం అద్దాల గోడ ఎండకి మెరుస్తోంది. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. చిన్నవాడే, మీసం ఇంకా సరిగా కుదురుకోలేదు.

"టికెట్, మాఁజీ."

"ప్లాట్‌ఫారం టికెట్ కహాఁ మిలేగా, బేటా?" అంది దాలమ్మ. నలభై ఏళ్ళుగా ఉన్న ఊరు, హిందీకి ఆమెకి లోటులేదు.

అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వలేదు, అంతవరకు మంచివాడే. ఇక్కడ ప్లాట్‌ఫారం ఉండదన్నాడు. ప్రయాణం చేసేవాడే లోపలికి పోతాడన్నాడు. దాలమ్మ కేరేజీ చూపించింది. తమ్ముడు తలుపు దగ్గర నిలబడతాడు, ఇచ్చేసి రెండు నిమిషాల్లో వచ్చేస్తానంది. అతనికి గొంతులో జబ్బు, ఎల్లుండి ఆపరేషన్ అని చెప్పింది. ఆ కుర్రాడు తల అడ్డంగా తిప్పాడు. ఢిల్లీకి పోయేవాళ్ళు దిగరు మాఁజీ, సీట్లోనే కూర్చుంటారు, దిగనివ్వరు అన్నాడు. వెనకాల పెట్టెలు తోసుకొచ్చినవాళ్ళు జరగండి జరగండి అంటున్నారు.

దాలమ్మ మొగుడి వైపు తిరిగింది. ఇంజను మారుస్తారన్న మనిషి తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

రైలు స్టేషన్లు కట్టింది తెల్లదొర. వాడికి మన మీద ప్రేమ ఏమీ లేదు, మన బొగ్గూ బియ్యమూ తోలుకుపోవడానికి కట్టుకున్నాడు. అయినా వాడు కూడా ప్లాట్‌ఫారం వేశాడు. ఎక్కేవాడి వెనక ఏడ్చేవాళ్ళు కూడా వస్తారని దొంగకి కూడా తెలుసు. ఈ అద్దాల మేడ గీసినవాడికి అక్కచెల్లెళ్ళు ఉన్నట్టు లేదు.

రెండుంబావు కాకుండానే తలమీద మోత వచ్చింది. విమానం దిగింది. కాసేపటికి ఫోన్ మోగింది.

"అప్పా. దిగనివ్వడం లేదు." సూరిబాబు ఆయాసపడుతున్నాడు. "నిలబడ్డాను. ఇమానంలో పిల్లకి సెప్పినాను. మా అప్ప గేటు కాడుంది. పది నిమిసాల్లో వొచ్చెస్తానమ్మా అని. నవ్వుతా కూకోమంటంది. ఎన్నిసార్లు అడిగినా నవ్వుతాది."

"బతిమాలినావా?"

"బతిమాలినాను. కింద కూకుని ధర్నా సేద్దునా?"

"ఒద్దు. ఒద్దురా. దింపీసి తీసుకుపోకుండా ఒగ్గెస్తే ఎల్లుండి ఆపరేసనెలాగ? కూకో."

పోర్టు గేట్లు మూయించిన మనిషి, లాఠీ దెబ్బలకి లేవనివాడు, అక్క చెబితే నడుముకి బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు.

ఉమేష్ అంతా వింటూ ఆటో పక్కన నిలబడ్డాడు. "మాఁ, పీఛే ఒక్క రోడ్డు ఉంది. గోడ అయిపోతది, జాలీ వస్తది. విమానం కనిపిస్తది" అన్నాడు. ముగ్గురూ ఆటోలో పడ్డారు. ఎండిన వరి మళ్ళ మధ్య మట్టిరోడ్డు. గోడ ఒకచోట ఆగిపోయి ఇనపజల్లెడ కంచె మొదలైంది, పైన ముళ్ళతీగ. అవతల బీడు, ఆ బీడుకి చివర తెల్లటి విమానం. అరచేతిలో పట్టేంత ఉంది. పక్కన మెట్లబండి. అందులోంచి రాయపూర్ వాళ్ళు దిగిపోయారు. దాలమ్మ దిగిన ఒక్కొక్కణ్ణీ చూసింది. వాళ్ళలో తమ్ముడు ఉండడని తెలిసే చూసింది.

మళ్ళీ ఫోన్ మోగించింది. "ఎటేపు కూకున్నావు?"

"కుడేపు. రెక్క పక్కన."

చిన్నారావు కంచెకి మొహం ఆనించి, విమానం ముక్కు ఎటుందో చూసి, చేత్తో గాల్లో తిప్పుకుని లెక్క చూశాడు. "మనది ఎడం పక్కే" అన్నాడు మెల్లగా. ఆ రోజు అప్పటిదాకా అతను సరిగ్గా చెప్పింది అదొక్కటే.

"ఒరే, మేం ఎడం పక్కనున్నాం. కంచె కాడ."

అవతల కాసేపు గలగల. ఎవరితోనో హిందీలో ఏదో అంటున్నాడు, మాట తెగుతోంది. తర్వాత ఊపిరి దగ్గరగా వినబడింది. "వొచ్చినాను. ఎవరో తల్లి, సంటిబిడ్డతో ఉంది. జరిగింది. కిటికీలోకి వొంగినాను. ఎక్కడున్నావు?"

"ఇదిగో, పచ్చకోక. కొంగూపుతున్నాను."

దాలమ్మ కొంగు విప్పి తలపైన గిరగిరా తిప్పింది. అరవై ఆరేళ్ళ మనిషి, జబ్బలు పట్టేస్తున్నా ఆపలేదు. ఏ కిటికీయో తెలియదు. అన్నీ ఒకలాగే ఉన్నాయి, గోరంతేసి. అన్నిటికీ కలిపి ఊపింది.

"కనిపిస్తున్నావప్పా" అన్నాడు సూరిబాబు.

ఆ దూరానికి కంచె పక్కన ఆటో ఉందో గేదె ఉందో కూడా తెలియదని చిన్నారావుకి తెలుసు. చెప్పలేదు.

"సిక్కిపోయినావా?" అంది.

"కొంచెం."

"ఏటి తిన్నావు?"

"పాలు. నీ పోయినసారి కేరేజీ నా కాడే ఉండిపోయింది. జీడిపప్పు ఏసి తెచ్చినాను. దాన్ని కూడా పెట్టిలో పెట్టించి ఆడెక్కడో..." అక్కడ దగ్గు వచ్చింది. పొడుగాటి దగ్గు. అది తగ్గేలోపు వెనక నుంచి ఒక ఆడగొంతు, తీయగా, సీట్లో కూర్చోమనీ ఫోన్ ఆపమనీ చెప్పింది. ఫోన్ ఆగిపోయింది.

మెట్లబండి జరిగింది. తలుపు మూసుకుంది. విమానం అవతలి కొసదాకా పాకి, వెనక్కి తిరిగి, వాళ్ళ ముందునుంచే దూసుకుపోయింది. మోతకి మళ్ళల్లో కొంగలు లేచాయి. నలభై నిమిషాలు అన్నారు, ముప్పై ఎనిమిదికే పోయింది. రైలైతే ఎన్నడూ అలా చెయ్యలేదు. పక్కన పరిగెట్టడానికి కూడా చోటు లేదు.

దాలమ్మ కంచె పట్టుకునే ఉంది. పదిగంటల పైచిలుకు బతుకులో పది నిమిషాలు అయిపోయినప్పుడల్లా ఇంకోసారి వస్తాడులే అనుకునేది. ఇకమీదట వచ్చేది సూరిబాబే. ఆ గొంతు మాత్రం రాదు.

"పద, ఎండ" అన్నాడు చిన్నారావు. "రెండు గంటల్లో దిగిపోతాడు. దిగినాక మాటాడొచ్చు."

"మనం?"

"మనమేటి?"

"మనం ఎన్ని గంటల్లో దిగుతాం ఢిల్లీలో?"

చిన్నారావు ఆమె మొహం చూశాడు. టైంటేబులు అడిగితే నిద్రలో కూడా చెప్పే మనిషి. "నాలుగున్నరకి బండుంది. రేపు సాయంత్రం ఐదారింటికి దింపుతాది."

"ఆపరేసను గురువారం పొద్దున్న."

"ఊఁ."

"ఉమేసూ, ఇంటికి కాదు. టేసనుకి పోనీ."

"ఓసి నీ. బట్టలేవి? దుప్పటేది? పాసు బీరువాలో ఉంది."

"టిక్కెట్టు కొను."

"నేను? రైలోణ్ణి, టిక్కెట్టు కొనడమా?"

"మరైతే నువ్విక్కడుండి బీరువా సూసుకో."

చిన్నారావు ఆటో ఎక్కి కూర్చున్నాడు. కొంతదూరం పోయాక, ఓడిపోయినవాడికి మిగిలే ఆఖరి మాట అన్నాడు. "అంబలి రేపటికి పులిసిపోద్ది."

"పులిసితేనే అంబలి."

ఉమేష్ నవ్వాపుకుని హారన్ కొట్టాడు. ఆ మధ్యాహ్నం ఆ కుర్రాడు తోలినట్టు రాయపూర్‌లో ఎవరూ తోలి ఉండరు. రెండుచోట్ల తిట్లు తిన్నాడు, ఒకచోట తిరిగి తిట్టాడు. స్టేషన్ ముందు దించి, తన మెడలో తువ్వాలు తీసి చిన్నారావు భుజాన వేశాడు. "చలి ఉంటది బాబూ అటువైపు" అన్నాడు.

జనరల్ బోగీలో ఊపిరి ఆడడం లేదు. ఉర్లా ఫ్యాక్టరీల్లో పనికి వచ్చి ఇళ్ళకి పోతున్నవాళ్ళు, మూటలు, పిల్లలు. చిన్నారావు కిటికీ పక్కన కూర్చున్న ఒక కుర్రాడితో తను ఈ బోగీల చక్రాలు విప్పి బిగించినవాణ్ణని చెప్పి చోటు సంపాదించాడు. చక్రాలకీ చోటుకీ సంబంధం ఏమిటో ఆ కుర్రాడికి తెలియలేదు గానీ, ముసలావిడని చూసి జరిగాడు. దాలమ్మ కేరేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

దుర్గ్ దాటాక ఫోన్ మోగింది.

"అప్పా. దిగినాను. పిల్ల వొచ్చింది." సూరిబాబు గొంతు ఇంకా అరిగిపోయింది. చెవికి గట్టిగా ఆనిస్తే గాని అందడం లేదు. "రెండు గంటలే. నువ్వు ఇంటికెల్లినావా?"

"దుర్గ్ దాటినాను."

"దుర్గా? దుర్గ్‌లో ఏటి పని?"

"పనేటి, దార్లో ఉంది. రేపు సాయంత్రం ఐదారింటికి దిగుతాం, మీ బావా నేనూ."

సూరిబాబు ఒక్కసారిగా మొదలుపెట్టాడు. "నీకేటైనా పిచ్చా అప్పా, ఆ జనరల్లో ఇరవై నాలుగ్గంటలు, నీ మోకాళ్ళు, బావకి సుగరు..."

"ఆపు" అంది దాలమ్మ. "ఒరే, ఆపు. రేపు నేనొచ్చేదాకా నోరెత్తమాక. లహరితో కూడా మాటాడమాక. డాకటరు అడిగితే రాసిచ్చీ. ఆ ఉన్న కాస్త గొంతూ నాకుంచు. తెలిసిందా?"

జవాబు లేదు.

"తెలిసిందా?" అని మళ్ళీ అడిగింది.

అవతల ఊపిరి వినబడుతోంది, పక్కన ఎవరివో పెట్టెల చక్రాల చప్పుడు, లహరి ఏమైంది నాన్నా అనడం. సూరిబాబు మాట్లాడలేదు. అక్క మాటకి ఎదురు చెప్పలేదు. దాలమ్మ ఫోన్ పెట్టెయ్యకుండా అలాగే చెవికి ఆనించుకుని, రాజనాంద్‌గావ్ వచ్చేదాకా ఆ ఊపిరి వింటూ కూర్చుంది.